జట్టు జాబితాలో మన పేర్లు

భారత జట్టును ప్రకటించిన మరునాడు మన ఇళ్లలో ఒక చిన్న తంతు జరుగుతుంది. పత్రికలో ఆటల పుట తెరుస్తాం. పదిహేను పేర్ల జాబితాను పైనుంచి కిందికి ఒకసారి చదువుతాం. ఆ పిదప కిందినుంచి పైకి మరొకసారి చదువుతాం. మొదటిసారి చదివినది ఆటగాళ్లను. రెండవసారి వెదికినది పేర్లను. మనవారు ఒకరున్నారా, ఇద్దరున్నారా, అసలు లేరా? ఈ లెక్క ఎన్నడూ వేయనివారు మన పాఠకులలో ఉంటే వారికి నా అభినందనలు. తక్కిన మనమందరం వేస్తాం. ఎందుకు వేస్తామో, ఆ లెక్క మనకు ఏమి చెబుతుందో, ఏమి చెప్పదో ఈ సంవత్సరాంతపు క్రీడావార్తలను అడ్డం పెట్టుకొని నాలుగు మాటలు మాట్లాడాలని నా ఉద్దేశం. నేను ఏ క్రీడాసంఘంలోనూ సభ్యుడను కాను. ఆటలంటే ఇష్టమున్న ప్రేక్షకుడిని, అంతే.

తాజా గాయంతోనే మొదలుపెడదాం. నవంబరులో దక్షిణాఫ్రికా మన గడ్డపైకి వచ్చి రెండు టెస్టులూ గెలుచుకొని పోయింది. కోల్‌కతాలో 124 పరుగుల లక్ష్యం ముందు మనవారు 93 పరుగులకే కుప్పకూలారు. గువాహటిలో 408 పరుగుల తేడాతో ఓడారు. సైమన్ హార్మర్ అనే స్పిన్నరు రెండు టెస్టులలో 17 వికెట్లు తీశాడు. నిరుడు న్యూజిలాండ్ చేతిలో 0-3తో ఓడినప్పుడే స్పిన్ పిచ్‌ల మోజు తగ్గించుకోవలసింది. తాను తీసిన గోతిలో తానే పడినట్లయింది మన బోర్డు పని. బంతి మొదటి రోజునుంచే గిరగిరా తిరగాలని కోరుకున్నవారికి ఎదుటి జట్టులోనూ స్పిన్నరు ఉంటాడన్న సంగతి గుర్తుండాలి కదా!

ఇంత ఘోరమైన ఓటమిలో ఒక్క విషయం మాత్రం నాకు ఊరట కలిగించింది. ఈ జట్టులో మహమ్మద్ సిరాజ్ ఉన్నాడు. అయినా విమర్శలన్నీ పిచ్ మీద, బ్యాటింగు మీద, కోచ్ మీద నడిచాయి. ఓటమి ఓటమిగానే మిగిలింది. ఎవరి విధేయతకూ పరీక్ష కాలేదు. ఓడిపోవడానికి కూడా ఇంతమాత్రపు గౌరవం అందరికీ సమానంగా దక్కాలన్నదే నా కోరిక. అది ప్రతిసారీ దక్కదని మనకు తెలుసు గనుకనే ఈ ఆగస్టు 3వ తేదీ సాయంత్రం ఎందరో అభిమానుల గుండె జారిపోయింది.

ఆ ఘట్టాన్ని కొంచెం నిదానంగా చెప్పుకోవాలి. లండన్ ఓవల్ మైదానంలో ఐదవ టెస్టు. ఇంగ్లండు లక్ష్యం 374 పరుగులు. నాలుగవ రోజున హ్యారీ బ్రూక్ 19 పరుగుల వద్ద ప్రసిద్ధ్ కృష్ణ బంతిని గాలిలోకి లేపాడు. బౌండరీ దగ్గర సిరాజ్ క్యాచ్ పట్టాడు. పట్టిన మరుక్షణం అడుగు వెనక్కు పడి హద్దు తగిలింది. వికెట్టు పోయి సిక్సరు వచ్చింది. బ్రూక్ 111 పరుగులు చేశాడు. సిరాజ్ రెండు చేతులతో ముఖం కప్పుకున్న దృశ్యాన్ని ప్రపంచమంతా చూసింది. చూసినవారిలో మనవారికి మాత్రం ఆ క్షణాన క్రికెట్టుతో పాటు మరొక భయం కూడా కలిగింది. మ్యాచ్ పోతే రేపు ఈ కుర్రవాడి గురించి ఏమేమి రాస్తారో అని. ఒక ఆటగాడి కాలు జారితే ఒక సముదాయం మొత్తం ఉలిక్కిపడటం సహజమైన స్థితి కాదు. అది మనకు అలవాటైపోవడం అంతకంటే విచారకరం.

మరునాడు ఉదయం ఇంగ్లండుకు కావలసినవి 35 పరుగులు. చేతిలో ఉన్నవి నాలుగు వికెట్లు. ఆ ఉదయం నిద్ర లేచి క్రిస్టియానో రొనాల్డో బొమ్మ, దానిపై 'నమ్ము' అని అర్థమిచ్చే మాట ఉన్న చిత్రాన్ని తన ఫోనులో పెట్టుకున్నానని సిరాజ్ తరువాత చెప్పాడు. ఆ నాలుగు వికెట్లలో మూడు తానే తీశాడు. చివరిది యార్కర్. గస్ అట్కిన్‌సన్ స్టంపు ఎగిరిపోయింది. భారత్ గెలిచిన తేడా ఆరు పరుగులు. ముందురోజు హద్దు తగిలి ఇచ్చిన పరుగులు కూడా ఆరే. ఐదు టెస్టులూ ఆడి, 185 ఓవర్లకు పైగా బంతులు విసిరి, 23 వికెట్లు తీసి, సిరీస్‌ను 2-2తో సమం చేసి ఇంటికి వచ్చాడు ఆటో నడిపిన తండ్రి కొడుకు. ఆ తండ్రి 2020 నవంబరులో కన్నుమూసినప్పుడు ఈ బిడ్డ ఆస్ట్రేలియాలో ఉన్నాడు. వెనక్కు రాలేదు. అక్కడే ఉండి మెల్‌బోర్నులో తొలి టెస్టు ఆడాడు. 'పూరా ఖోల్ దియే పాషా' అని మన ఎంపీ ఒవైసీ హైదరాబాదీ యాసలో మెచ్చుకుంటే నగరమంతా నవ్వుకుంది. ఆ నవ్వులో కులమతాల తేడా లేదు.

మరి ఆ ఆరు పరుగులు అటువైపు పోయి ఉంటే? ఈ ప్రశ్నకు జవాబు ఊహించనక్కరలేదు, చరిత్రలో ఉంది. 2021 అక్టోబరు 24న దుబాయిలో పాకిస్తాన్ చేతిలో భారత్ పది వికెట్ల తేడాతో ఓడింది. ఒక్క వికెట్టు కూడా ఎవరికీ దక్కలేదు. బౌలర్లందరూ విఫలమయ్యారు. తిట్లు మాత్రం మహమ్మద్ షమీ ఒక్కడికే ప్రత్యేకంగా వచ్చిపడ్డాయి. మతం పేరుతో ఒకరిపై దాడి చేయడం కంటే నీచం లేదన్న భావంతో కెప్టెన్ విరాట్ కోహ్లీ విలేకరుల ముందు నిలబడి మాట్లాడాడు. అందుకు ఆయన పసిబిడ్డను కూడా బెదిరించారు. ఆ రోజున కోహ్లీ చూపిన తెగువను మనం మరువరాదు. ఆయన బ్యాటింగు రికార్డులకంటే నాకు ఆ పది నిమిషాలే ఎక్కువ విలువైనవి.

అయితే ఇది మన ఒక్కరి బాధ అనుకోవడం పొరపాటు. అదే యేడు ఆగస్టులో టోక్యో ఒలింపిక్స్ సెమీఫైనల్‌లో మన మహిళల హాకీ జట్టు అర్జెంటీనా చేతిలో ఓడితే, హరిద్వార్ సమీపంలోని వందనా కటారియా ఇంటి ముందు కొందరు కులం పేరుతో దూషణలకు దిగారు. దళితులు జట్టులో ఎక్కువైనందునే ఓడిందట! ఆ వందన అదే ఒలింపిక్స్‌లో దక్షిణాఫ్రికాపై మూడు గోల్స్ కొట్టిన అమ్మాయి. మరుసటి యేడు ఆసియా కప్పులో పాకిస్తాన్‌పై ఒక క్యాచ్ వదిలిన అర్ష్‌దీప్ సింగ్‌ను ఖలిస్తానీ అన్నారు. ఈ అక్టోబరు 30న మహిళల ప్రపంచకప్ సెమీఫైనల్‌లో ఆస్ట్రేలియాపై 127 పరుగులతో అజేయంగా నిలిచి దేశాన్ని గెలిపించిన జెమీమా రోడ్రిగ్స్, కన్నీళ్లతో తన ప్రభువును తలచుకొన్నందుకు కొందరికి కంటగింపు అయింది. గెలిపించినందుకు కూడా మాటలు పడవలసివచ్చిన అమ్మాయి ఆమె. షమీ కోసం గొంతెత్తిన మనం వందన కోసం, అర్ష్‌దీప్ కోసం, జెమీమా కోసం అంతే గట్టిగా మాట్లాడామా? అలా మాట్లాడినప్పుడే మన మాటకు బలం.

ఆఖరికి నీరజ్ చోప్డాను కూడా విడిచిపెట్టలేదు. ఒలింపిక్ స్వర్ణం, సైన్యంలో ఉద్యోగం, దేశం మెచ్చిన వినయం అతనివి. బెంగళూరులో తాను తలపెట్టిన జావెలిన్ పోటీకి పాకిస్తాన్ ఆటగాడు అర్షద్ నదీమ్‌ను పిలిచాడు. ఆహ్వానాలు పంపిన తరువాత ఏప్రిల్ 22న పహల్గాం ఘోరం జరిగింది. అమాయకుల నెత్తురు చిందించిన ఆ రాక్షసకృత్యాన్ని ఖండించని మనిషి లేడు. కానీ కోపమంతా నీరజ్ మీదికీ, అతని తల్లి మీదికీ మళ్లింది. ఆ తల్లి చేసిన నేరం, పారిస్‌లో నదీమ్ స్వర్ణం గెలిచినప్పుడు అతడూ మా బిడ్డ వంటివాడే అనడం. ఒక సంవత్సరం క్రితం ఆమె మాటను మెచ్చుకొన్నవారే ఆ మాటకే ఆమెను తిట్టారు. తన నిజాయితీకి నీరజ్ రాతపూర్వకంగా సంజాయిషీ ఇచ్చుకోవలసివచ్చింది. విధేయతా పత్రం అడగడం ఒకసారి మొదలైతే అది ఏ గడప దగ్గర ఆగుతుందో చెప్పలేం.

సెప్టెంబరులో ఆసియా కప్పులో మనవారు పాకిస్తాన్ ఆటగాళ్లతో కరచాలనం చేయలేదు. కప్పు గెలిచి కూడా దానిని అందుకోలేదు. ఈ విషయంలో నా అభిప్రాయం సూటిగానే ఉంది. ఆడకూడదనుకుంటే ఆడవద్దు, దానిని గౌరవిస్తాను. టిక్కెట్ల డబ్బు, ప్రసారాల డబ్బు పుచ్చుకొని మూడుసార్లు ఆడి, చేయి మాత్రం ఇవ్వమనడం నాకు మింగుడుపడలేదు. ఇంతకంటే ఆ కప్పు గురించి చెప్పుకోవలసినది లేదు.

ఇక ఎంపికల మాట. అక్టోబరులో దక్షిణాఫ్రికా-ఏ జట్టుతో ఆడే భారత్-ఏ జట్టులో సర్ఫరాజ్ ఖాన్‌కు చోటు దక్కలేదు. ఇంటిపేరే కారణమా అని ఒక కాంగ్రెస్ ప్రతినిధి అడిగారు. వెంటనే దుమారం రేగింది. మన ఇళ్లలో, మన వాట్సాప్ సమూహాలలో ఆ ప్రశ్న ఇంకా తిరుగుతూనే ఉంది. క్రికెట్టు దృష్టితో చూస్తే సర్ఫరాజ్‌కు అన్యాయం జరిగిందనే నేను నమ్ముతున్నాను. ఫస్ట్ క్లాస్ క్రికెట్టులో సగటు అరవై దాటినవాడు. 2024 ఫిబ్రవరిలో రాజ్‌కోట్‌లో తొలి టెస్టులోనే రెండు అర్ధశతకాలు చేశాడు. అక్టోబరులో బెంగళూరులో 150 కొట్టాడు. ఆ తరువాతి నాలుగు ఇన్నింగ్సులలో విఫలమైన మాట నిజం. ఆ సిరీస్‌లో విఫలం కానిదెవరు? బరువు తగ్గమంటే తగ్గాడు. ఇంగ్లండులో భారత్-ఏ తరఫున 92 పరుగులు చేశాడు. అయినా పిలుపు లేదు.

అన్యాయం వేరు, మతవివక్ష వేరు. మొదటిదానికి నా దగ్గర స్కోర్ల సాక్ష్యం ఉంది. రెండవదానికి లేదు. అభిమన్యు ఈశ్వరన్ నూరుకు పైగా ఫస్ట్ క్లాస్ మ్యాచులు ఆడి, జట్టుతో పాటు దేశదేశాలు తిరిగి, ఒక్క టెస్టు కూడా ఆడకుండా బెంచీ మీదే కూర్చున్నాడు. ఆయనది ఏ మతవివక్ష? సిరాజ్‌ను పేస్ దళానికి మూలస్తంభంగా నిలిపినవారూ ఈ సెలెక్టర్లే. సాక్ష్యం లేని చోట వివక్ష అని కేక వేస్తే 'నాన్నా పులి' కథ అవుతుంది. ఇల్లు అద్దెకు దొరకని చోట, ఉద్యోగం దరఖాస్తు పేరు చూసి పక్కన పడేసిన చోట, నిజంగా పులి వచ్చిన చోట మన కేకను నమ్మేవారుండాలి కదా. షమీ విషయమూ ఇంతే. ఫిట్‌నెస్ లేదని సెలెక్టర్లు అంటే, రంజీ ట్రోఫీలో బెంగాల్ తరఫున మొదటి రెండు మ్యాచులలో 15 వికెట్లు తీసి బంతితో జవాబు చెప్పాడు. ముప్పై అయిదేళ్ల పేసర్‌ను తీసుకోవాలా వద్దా అన్నది క్రికెట్టు చర్చ. దానిని క్రికెట్టు చర్చగానే జరగనిద్దాం.

షమీ పేరు వచ్చింది గనుక మన ఇంటి సంగతి కూడా ఒకటి మాట్లాడుకోవాలి. విధేయతా పత్రం అడిగేవారు ఒకవైపు ఉన్నారు సరే. భక్తి పత్రం అడిగేవారు మరోవైపు మనలోనే ఉన్నారు. ఈ మార్చిలో ఛాంపియన్స్ ట్రోఫీ సెమీఫైనల్. దుబాయి ఎండలో ఆస్ట్రేలియాపై ఆడుతూ షమీ బౌండరీ దగ్గర పానీయం తాగాడు. రంజాన్ మాసం. ఉత్తరప్రదేశ్‌కు చెందిన ఒక మౌలానా షమీ పాపం చేశాడని తీర్పు చెప్పారు. ఎవరి తీర్పు ఎవరు చెప్పాలి? అల్ బఖరా సూరా 184, 185 ఆయతులలో ప్రయాణికునికీ, రోగికీ ఉన్న సడలింపు మన బడిపిల్లలకు కూడా తెలుసు. తప్పిన రోజాలను వేరే రోజులలో పూర్తి చేసుకోవచ్చు. ఈ మాట చెప్పడానికి ఎందరో ఉలమాలు ముందుకు వచ్చారు. ఆ తొందరపాటు తీర్పు వినిపించినంత దూరం వారి మాట వినిపించలేదు.

హాషిమ్ ఆమ్లా కథ ఈ సందర్భంలో చెప్పదగినది. 2012 జులైలో ఇదే ఓవల్ మైదానంలో 311 పరుగులు చేసి నాటౌటుగా నిలిచాడు. దక్షిణాఫ్రికా తరఫున అది మొట్టమొదటి త్రిశతకం. అది రంజాన్ కాలం. తాను ప్రయాణంలో ఉన్నందున ఉపవాసం ఉండటం లేదని, ఇంటికి వెళ్లాక పూర్తి చేసుకుంటానని ఆయన నిస్సంకోచంగా చెప్పాడు. అదే ఆమ్లా జట్టు చొక్కా మీద మద్యం సంస్థ గుర్తు వేసుకోవడానికి ఒప్పుకోలేదు. బోర్డు ఆయన మాటను మన్నించింది. ఎక్కడ సడలింపు ఉందో, ఎక్కడ లేదో ఆటగాడికే తెలుసు. మనం బయట కూర్చొని లెక్క చూడనక్కరలేదు. 2023 నవంబరులో వాంఖెడేలో శ్రీలంకపై ఐదు వికెట్లు తీసి షమీ మోకాళ్ల మీద కూర్చున్నప్పుడు, సజ్దా చేయబోయి భయపడి మానేశాడని సరిహద్దు ఆవలి నుంచి ఊహాగానాలు వచ్చాయి. చేయాలనుకుంటే నన్ను ఆపేదెవరు, ముస్లిముగా గర్విస్తాను, భారతీయుడిగా గర్విస్తాను అన్న అర్థంలో ఆయన తరువాత జవాబిచ్చాడు. రెండు వైపుల పరీక్షకులకూ ఆ ఒక్క జవాబే సరిపోయింది.

ఇతర దేశాలలో ఇది ఎలా ఉందని అడిగితే రెండు సంగతులు చెబుతాను. 2022 జనవరిలో యాషెస్ గెలిచిన ఆస్ట్రేలియా జట్టు వేదికపై షాంపేన్ చిమ్ముకుంటుంటే ఉస్మాన్ ఖ్వాజా దూరంగా జరిగాడు. కెప్టెన్ ప్యాట్ కమిన్స్ అది గమనించి సీసాలు కింద పెట్టించి ఖ్వాజాను దగ్గరకు పిలిచాడు. ఎవరూ ఉపన్యాసం ఇవ్వలేదు. రెండవది లివర్‌పూల్ సంగతి. మొహమ్మద్ సలా 2017లో ఆ క్లబ్బులో చేరిన తరువాత ఆ ప్రాంతంలో విద్వేష నేరాలు 16 శాతం తగ్గాయని ఒక విశ్వవిద్యాలయ పరిశోధనలో తేలింది. సంతోషమే. కానీ సలా గోల్స్ కొట్టకపోయి ఉంటే? మన పొరుగువాడు మనలను మనుషులుగా చూడాలంటే మనం ఏటా ఇరవై గోల్స్ కొట్టాలన్న షరతు నాకు నచ్చదు. ఆ సలా ఈ ఆగస్టులో చేసిన పని మాత్రం చాలా నచ్చింది. గాజాలో సహాయం కోసం వేచివున్న ఫుట్‌బాల్ ఆటగాడు సులేమాన్ అల్ ఒబైద్ హతుడైతే, ఐరోపా ఫుట్‌బాల్ సంఘం రెండు ముక్కల సంతాపం తెలిపి ఊరుకుంది. అతడు ఎలా చనిపోయాడో, ఎక్కడో, ఎందుకో చెప్పగలరా అని సలా అడిగాడు. అంత పేరున్నవాడు అంత చిన్న ప్రశ్న అడగడానికి ఎంత ధైర్యం కావాలో ఆలోచించండి.

ఫుట్‌బాల్ అనగానే హైదరాబాదువారికి గుండెలో కలుక్కుమంటుంది. నవంబరు 18న ఢాకాలో బంగ్లాదేశ్ చేతిలో మనవారు 0-1తో ఓడారు. ఇరవై రెండేళ్ల తరువాత వారి చేతిలో ఇదే మొదటి ఓటమి. అంతకుముందే సింగపూర్ చేతిలో ఓడి 2027 ఆసియా కప్పుకు దూరమయ్యాం. ఐఎస్ఎల్ 2025-26 సీజను వేళకు మొదలు కాలేదు. వాణిజ్య హక్కుల టెండరుకు ఒక్క సంస్థా ముందుకు రాలేదు. కొత్త కోచ్ ఖాలిద్ జమీల్‌ను నిందించడానికి నాకు మనసొప్పదు. చిన్న ఊరి జట్టు ఐజ్వాల్‌ను 2017లో జాతీయ విజేతగా నిలిపినవాడాయన. ఆగస్టులో బాధ్యత తీసుకోగానే ఒమాన్‌ను పెనాల్టీలలో ఓడించి మధ్య ఆసియా టోర్నీలో మూడవ స్థానం తెచ్చాడు. లీగే మొదలుకాని వేళ కోచ్ ఏమి చేస్తాడు? నీరు లేని బావిలో చేద ఎంత పొడవున్నా ఒకటే.

మన నగరం సంగతి మరీ దయనీయం. హైదరాబాద్ ఎఫ్‌సీ 2022 మార్చిలో ఐఎస్ఎల్ విజేత. మూడేళ్లు తిరగకుండానే ఆర్థిక చిక్కులలో పడి, యాజమాన్యం మారి, ఈ అక్టోబరులో ఢిల్లీకి తరలిపోయి పేరు కూడా మార్చుకుంది. ఒకప్పుడు దేశానికే ఫుట్‌బాల్ నేర్పిన నగరానికి నేడు ఐఎస్ఎల్‌లో సొంత జట్టు లేదు. కొత్త తరం వారికి ఈ మాట అతిశయోక్తిగా తోచవచ్చు. హైదరాబాదు సిటీ పోలీసు జట్టు 1950 నుంచి 1954 వరకు వరుసగా ఐదుసార్లు రోవర్స్ కప్పు గెలిచింది. ఆ జట్టుకు శిక్షకుడు సయ్యద్ అబ్దుల్ రహీం, నగరంలో పాఠశాల ఉపాధ్యాయుడు. ఆయన చేతి కింద భారత జట్టు 1951లో ఢిల్లీలోనూ, 1962లో జకార్తాలోనూ ఆసియా క్రీడల స్వర్ణం గెలిచింది. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగవ స్థానం పొందింది. జకార్తాకు వెళ్లేనాటికే రహీం సాబ్‌ను క్యాన్సర్ తినివేస్తోంది. ఫైనల్లో లక్షమంది ప్రేక్షకులు మనవారికి వ్యతిరేకంగా అరుస్తుండగా దక్షిణ కొరియాను 2-1తో ఓడించారు. మరుసటి జూన్‌లో ఆయన కన్నుమూశారు. నిరుడు వచ్చిన 'మైదాన్' సినిమా పుణ్యమా అని ఆయన పేరు దేశంలో మళ్లీ వినబడింది.

ఆ జకార్తా జట్టును ఒకసారి గుర్తు చేసుకోండి. కెప్టెన్ చున్నీ గోస్వామి బెంగాలీ. తలకు కుట్లు పడినా ముందు వరుసలో ఆడి గోల్ కొట్టిన జర్నైల్ సింగ్ సిక్కు. మన హైదరాబాదు నుంచి గోల్‌కీపరు పీటర్ తంగరాజ్, తులసీదాస్ బలరాం, యూసుఫ్ ఖాన్. కోచ్ రహీం. ఆ జాబితాను కిందినుంచి పైకి రెండవసారి చదివినవారు ఎవరైనా ఉన్నారేమో గాని, చదవవలసిన అవసరం లేని జట్టు అది.

ఇప్పుడు నా అసలు లెక్కకు వస్తాను. నవంబరు 2న నవీ ముంబైలో మన అమ్మాయిలు దక్షిణాఫ్రికాను 52 పరుగులతో ఓడించి ప్రపంచకప్ తెచ్చారు. కడప జిల్లా ఎర్రమల్లె అనే పల్లె నుంచి వచ్చిన శ్రీచరణి ఆ టోర్నీలో 14 వికెట్లు తీసింది. తెలుగు నేల పొంగిపోయింది, నేనూ పొంగిపోయాను. ఆ సంబరంలోనే అలవాటు చొప్పున జాబితా రెండవసారి చదివాను. మన పేరు ఒక్కటీ లేదు. దీనికి బీసీసీఐని అనగలమా? సెలెక్టర్లను అనగలమా? ఎంపికకు నిలబడేంత దూరం ఎందరు అమ్మాయిలను రానిచ్చాం? ప్రతిభ లేదనడానికి వీలులేదు. నూషీన్ అల్ ఖదీర్ 2005 ప్రపంచకప్ ఫైనల్ ఆడిన భారత బౌలర్. 2023లో పందొమ్మిదేళ్లలోపు అమ్మాయిల జట్టు తొలి ప్రపంచకప్ గెలిచినప్పుడు కోచ్ ఆమే. ఆ పేరు మన ఇళ్లలో ఎందరికి తెలుసు?

నిఖత్ జరీన్ పేరు తెలుసు. తెలియడానికి ముందు ఏమి జరిగిందో కూడా తెలుసుకోవాలి. నిజామాబాదు కలెక్టరేట్ మైదానంలో అమ్మాయిలు బాక్సింగు ఎందుకు ఆడటం లేదని తండ్రిని అడిగిన పిల్ల ఆమె. పొట్టి నిక్కరు వేసుకొని మగపిల్లలతో తలపడటమేమిటి, పెళ్లెలా అవుతుంది అని బంధువులు అడిగిన ప్రశ్నలను ఆ కుటుంబం ఎన్నో ముఖాముఖీలలో చెప్పింది. తండ్రి వినిపించుకోలేదు. ఇస్తాంబుల్‌లో 2022లో, ఢిల్లీలో 2023లో ప్రపంచ విజేత అయింది. పారిస్‌లో చైనా అమ్మాయి వూ యూ చేతిలో ఓడి కన్నీళ్లు పెట్టుకుంది. ఆ వూ యూ చివరికి స్వర్ణం గెలిచింది. ఈ సెప్టెంబరులో లివర్‌పూల్ ప్రపంచ పోటీలలో క్వార్టర్ ఫైనల్లో ఆగిపోయింది. ఇక అయిపోయిందన్నారు. నవంబరు 20న గ్రేటర్ నోయిడాలో ప్రపంచ బాక్సింగ్ కప్ ఫైనల్స్‌లో 51 కిలోల విభాగంలో స్వర్ణం తెచ్చింది. గెలిచాక మెడలో దండ వేయడానికి అందరం వస్తాం. ఆనాడు కలెక్టరేట్ మైదానం గట్టు మీద ఆ తండ్రి పక్కన నిలబడినవారు ఎందరు?

దుస్తుల అభ్యంతరం ఉన్న తల్లిదండ్రులను నేను వెక్కిరించను. వారికి చెప్పవలసిన మాట వేరే ఉంది. ఫిఫా 2014లోనే తలవస్త్రంతో ఆడటానికి అనుమతించింది. బాస్కెట్‌బాల్ సమాఖ్య 2017లో అనుమతించింది. 2023 మహిళల ఫుట్‌బాల్ ప్రపంచకప్‌లో మొరాకో అమ్మాయి నుహైలా బెన్‌జీనా హిజాబుతో ఆడి చరిత్రకెక్కింది. ఆ మరుసటి యేడే పారిస్ ఒలింపిక్స్‌లో ఫ్రాన్సు ప్రభుత్వం తన క్రీడాకారిణులకు హిజాబు నిషేధించింది. తీసివేయమని ఒత్తిడి చేసే ఫ్రాన్సూ, హిజాబు తొడిగినా మైదానానికి పంపని ఇల్లూ చివరకు ఒకే పని చేస్తున్నాయి. అమ్మాయిని గీత బయట నిలబెడుతున్నాయి. నిఖత్ తన దారి తాను ఎంచుకుంది, బెన్‌జీనా తన దారి తాను ఎంచుకుంది. ఇద్దరికీ మైదానం దొరికింది.

ఆ మైదానం మన పిల్లలకు ఎక్కడుంది? పాతబస్తీ ఇరుకు సందులలో క్రికెట్టు ఆడే పిల్లలను చూడండి. బార్కస్‌లో ఫుట్‌బాల్ పిచ్చి ఇంకా బతికే ఉంది. తెలంగాణలో 2016 నుంచి మైనారిటీ గురుకులాలు రెండు వందలకు పైగా ఏర్పడ్డాయి. వాటిలో సగం బాలికలవి. మంచి పని. అయితే అనేకం నేటికీ అద్దె భవనాలలో నడుస్తున్నాయి. అంతస్తుల మధ్య బిగించిన ఆ భవనాలలో పిల్లలు పరుగెత్తడానికి చోటేది? పాఠశాలకు ఆటస్థలం ఉండాలని 2009 నాటి విద్యాహక్కు చట్టం షెడ్యూలులోనే ఉంది. అది దయ కాదు, హక్కు.

ఈ అక్టోబరు 31న మహమ్మద్ అజహరుద్దీన్ తెలంగాణ మంత్రిగా ప్రమాణం చేశారు. మైనారిటీ సంక్షేమ శాఖ ఆయనకు దక్కింది. మొదటి మూడు టెస్టులలో మూడు శతకాలు చేసి, 99 టెస్టుల దగ్గర ఆగిపోయిన హైదరాబాదీ. విఠల్‌వాడీ సందులనుంచి లార్డ్స్ దాకా పోయినవారికి మైదానం విలువ ఇంకొకరు చెప్పనక్కరలేదు. రాజకీయంగా ఆయనను మెచ్చేవారూ, మెచ్చనివారూ మనలో ఉన్నారు. ఉండనివ్వండి. మన సంఘాలు, మసీదు కమిటీలు, తల్లిదండ్రులు కలిసి ఆయన కార్యాలయానికి పంపవలసిన వినతిపత్రంలో నాలుగే అంశాలు చాలు. సొంత ఆటస్థలం ఉన్న మైనారిటీ గురుకులాలు ఎన్నో, లేనివి ఎన్నో జిల్లాలవారీగా ప్రకటించాలి. లేనివాటికి దగ్గరలోని ప్రభుత్వ మైదానంలో వారానికి కనీసం మూడు రోజులు వేళ కేటాయించాలి. బాలికల గురుకులం ఒక్కొక్కదానికి ఒక మహిళా వ్యాయామోపాధ్యాయినిని నియమించాలి. హైదరాబాదులో రహీం సాబ్ పేరుతో, నిజామాబాదులో నిఖత్ పేరుతో అంతర్ గురుకుల పోటీలు వచ్చే విద్యాసంవత్సరం నుంచే మొదలుపెట్టాలి. వినతిపత్రం ఇచ్చిన తేదీని, వచ్చిన జవాబును ఏ జిల్లాకు ఆ జిల్లా వారు మన పత్రికకు రాసి పంపితే ప్రచురించడానికి చోటుంటుంది.